కరుణకు కల్యాణమిత్రుడు: కరుణాకేంద్రిత చికిత్సలో పర్యవేక్షక నైపుణ్యాల వికాసం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బాధలో ఉన్న వ్యక్తికి చికిత్సకుడు తోడుంటాడు. ఆ చికిత్సకుడికి తోడుండే వ్యవస్థను ఆధునిక మనోవైద్యం చికిత్సా పర్యవేక్షణ అంటుంది. కరుణను ప్రధాన సాధనంగా గ్రహించిన చికిత్సలో ఈ పర్యవేక్షణకు ప్రత్యేకమైన నైపుణ్యాలు అవసరమవుతాయి. ఆ నైపుణ్యాలు ఏయే దశల్లో రూపుదిద్దుకొన్నాయో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. క్రీ.శ. 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుని ‘విశుద్ధిమార్గం’, 20వ శతాబ్ది మనోవిశ్లేషణ సంప్రదాయం, పాల్ గిల్బర్ట్ రూపొందించిన కరుణాకేంద్రిత చికిత్స, తెలుగునేలపై జరిగిన సామాజిక మానసికారోగ్య ప్రయత్నాలు ఇందులో ఆధారాలు. పశ్చిమ ప్రకాశంలోని హనుమంతునిపాడు వంటి మండలాలకు ఈ చరిత్ర ఏ విధంగా ఉపయోగపడుతుందో చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: కరుణ, చికిత్సా పర్యవేక్షణ, కల్యాణమిత్రుడు, విశుద్ధిమార్గం, ఆత్మనింద, ఫ్లోరోసిస్, పశ్చిమ ప్రకాశం.

1. ఉపోద్ఘాతం

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ‘ఇండియన్ మెడికల్ గెజిట్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. నెల్లూరు జిల్లాలో తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోతున్న రోగుల గురించిన వివరణ అది. భారతదేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర సాధారణంగా ఆ వ్యాసంతోనే మొదలవుతుంది. నేటి హనుమంతునిపాడు మండలం ఉన్న కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచినప్పుడు కనిగిరి అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. జిల్లా మారినా నీటి సమస్య మారలేదు. వర్షాభావం, ఫ్లోరైడు నీరు, వలస అనే మూడూ పశ్చిమ ప్రకాశం సామాజిక చరిత్రలో విడదీయరానివిగా నిలిచాయి.

ఫ్లోరోసిస్‌ను మంచినీటితో నివారించవచ్చు. కాని ఒకసారి వంగిన వెన్నును తిరిగి నిలబెట్టే మందు లేదు. అటువంటి రోగి ఇంటికి నెలనెలా వెళ్లే ఆరోగ్య కార్యకర్త ఏం చేయగలదు? మాట్లాడగలదు, వినగలదు, నొప్పికి మాత్రలు ఇప్పించగలదు, పెద్దాసుపత్రికి పంపగలదు. నయం చేయలేని బాధ ఎదుట పదేపదే నిలబడడం ఆమె వృత్తిలో భాగం. ఆ స్థితిలో ఆమె మనసు రెండు దారుల్లో ఒకదానిలో పడే ప్రమాదం ఉంది. రోగి దుఃఖమంతా తన దుఃఖమై కుంగిపోవడం ఒకటి. దానిని తట్టుకోలేక మొద్దుబారి, పేరు రాసుకొని వెళ్లిపోవడం మరొకటి. ఈ రెంటికీ మధ్య కరుణను నిలుపుకొనే నేర్పును ఆమెకు ఎవరు నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది ఈ పరిశీలనకు మూలప్రశ్న.

2. పర్యవేక్షణ: పదం, వ్యవస్థ

‘పరి’, ‘అవేక్షణ’ అనే రెండింటి కలయిక పర్యవేక్షణ. అన్నివైపులా చూడడం దీని వాచ్యార్థం. పాలనాభాషలో మాత్రం ఈ పదానికి తనిఖీ అనే అర్థమే స్థిరపడింది. దీనికి సంస్థాగతమైన కారణాలున్నాయి. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల 1871 నాటిది. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల మూలాలు 1895లో నిజాం రాజ్యంలోని జాల్నాలో ఉన్నాయి. 1953లో అది ఎర్రగడ్డకు మారింది. వలసపాలన కాలపు ఇటువంటి ఆశ్రయాలలో పర్యవేక్షణ అంటే ప్రధానంగా రోగి కదలికలపై నిఘా. రోగిని చూసుకొనే ఉద్యోగి మనఃస్థితిని గురించిన ఆలోచన ఆ చట్రంలో లేదు.

స్వాతంత్ర్యానంతరం గ్రామాలకు చేరిన సేవల్లోనూ ఈ అర్థమే కొనసాగింది. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాయి. అంగన్‌వాడీ కార్యకర్తపై సూపర్‌వైజరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలపై ఆరోగ్యశాఖ అధికారులు ఉంటారు. రిజిస్టరు సరిగా ఉందా, లక్ష్యం పూర్తయిందా అన్నవి ఈ సంబంధంలో ముందుకు వచ్చే ప్రశ్నలు. అవి అవసరమైన ప్రశ్నలే. అయితే 1980లలో బ్రిటన్‌లో బ్రిజిడ్ ప్రాక్టర్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం పర్యవేక్షణకు మూడు విధులుంటాయి: ప్రమాణాలను కాపాడడం, నైపుణ్యాన్ని పెంచడం, అలసిన మనసును కోలుకొనేలా చేయడం. ఈ కొలమానంతో చూస్తే తనిఖీ మొదటి విధిని మాత్రమే నెరవేరుస్తుంది. కరుణతో పనిచేసే వృత్తులకు మిగిలిన రెండూ ప్రాణప్రదాలు.

3. విశుద్ధిమార్గంలో ఆచార్యుడు

కరుణను అభ్యాసంతో పెంచుకోదగిన గుణంగా భావించి, ఆ అభ్యాసానికి మార్గదర్శి ఎలా ఉండాలో వివరించిన ప్రాచీన గ్రంథాల్లో బుద్ధఘోషుని ‘విశుద్ధిమార్గం’ ముఖ్యమైనది. సింహళంలోని అనురాధపుర మహావిహారంలో పాలీ భాషలో ఇది రూపొందింది. బుద్ధఘోషుడు బుద్ధగయ సమీపంలో పుట్టాడని సింహళ వంశచరిత్ర చెబుతుంది. గ్రంథాంత వాక్యంలో కనిపించే ‘మోరండఖేటక’ అనే గ్రామనామానికి నెమలిగుడ్ల ఊరు అనే అర్థం చెప్పి, గుంటూరు సీమలోని కోటనెమలిపురి, గుండ్లపల్లి గ్రామాలతో దానిని ముడిపెట్టిన పరిశోధకులు ఉన్నారు. ఈ గుర్తింపు ఊహాపరిధిని దాటలేదు. అయినా ఆ గ్రంథం పుట్టిన బౌద్ధ ప్రపంచంతో ఆంధ్రదేశానికి గాఢమైన సంబంధం ఉన్నదనడంలో సందేహం లేదు. పశ్చిమ ప్రకాశంలోనే, దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం స్తూపం ఇందుకు సాక్ష్యం.

విశుద్ధిమార్గం మూడవ పరిచ్ఛేదం ధ్యానవిషయాన్ని గురువు నుంచి స్వీకరించే పద్ధతిని వివరిస్తుంది. అక్కడ గురువుకు వాడిన పేరు కల్యాణమిత్రుడు, అంటే మేలుకోరే స్నేహితుడు. అతని లక్షణాలలో ఒకటి నేటి పర్యవేక్షకులకు ప్రత్యేకంగా గమనార్హం. అతడు చెప్పవలసినది చెప్పగలవాడు. ఇతరులు తనకు చెప్పినదాన్ని ఓర్చుకోగలవాడు కూడా. దిద్దే అధికారంతోపాటు దిద్దించుకొనే సంసిద్ధత ఉండాలని దీని తాత్పర్యం.

ఆ పరిచ్ఛేదంలో మూడు విధానాంశాలు పర్యవేక్షణ చరిత్రకు నేరుగా ఉపయోగిస్తాయి.

మొదటిది, స్వభావ నిర్ణయం. రాగ, ద్వేష, మోహ, శ్రద్ధా, బుద్ధి, వితర్క చరితులని బుద్ధఘోషుడు సాధకులను ఆరు విధాలుగా విభజించి, 40 ధ్యానవిషయాలలో ఎవరికి ఏది తగినదో సూచించాడు. కరుణ చేరిన నాలుగు బ్రహ్మవిహారాలు ద్వేషచరితునికి తగినవి. కోపం ఎక్కువగా ఉన్నవానికే కరుణాభ్యాసం సూచించడం ఇందులోని విశేషం.

రెండవది, ప్రశ్నించే పద్ధతి. పరచిత్తజ్ఞానం ఉన్న ఆచార్యుడు శిష్యుని స్వభావాన్ని తానే గ్రహిస్తాడు. ఆ శక్తి లేనివాడు శిష్యుణ్ణే అడిగి తెలుసుకోవాలి: అతని స్వభావం ఎలాంటిది, మనసులో తరచుగా ఏ భావాలు కదలాడుతుంటాయి, దేనిని తలచుకొంటే హాయిగా ఉంటుంది, మనసు ఏ విషయంపై మొగ్గుతుంది. ఊహించి నిర్ణయించకుండా అడిగి నిర్ణయించడమనే ఈ నియమం నేటికీ మంచి పర్యవేక్షకునికి తొలిపాఠం.

మూడవది, దూరాన్ని బట్టి బోధ. ముందే నేర్చుకొన్నవాని చేత ఒకటి రెండుసార్లు వల్లింపజేసి విషయం అప్పగించాలి. దగ్గర ఉండేవానికి వచ్చినప్పుడల్లా చెప్పాలి. నేర్చుకొని వేరేచోటికి పోయేవానికి మరీ క్లుప్తంగా గాని, మరీ విస్తారంగా గాని కాకుండా చెప్పాలి. గురువు అందుబాటులో లేనిచోట సాధన చేయవలసిన వ్యక్తి అవసరాన్ని ఆ గ్రంథం అంత ముందుగానే గుర్తించింది.

తొమ్మిదవ పరిచ్ఛేదంలో కరుణకు ఇద్దరు ప్రత్యర్థులను బుద్ధఘోషుడు పేర్కొన్నాడు. దూరప్రత్యర్థి హింస. ఆసన్నప్రత్యర్థి లౌకికమైన దుఃఖం. హింస కరుణకు పూర్తిగా విరుద్ధం కాబట్టి గుర్తించడం సులువు. దుఃఖం కరుణలాగే కనిపిస్తుంది. రోగిని చూసి కన్నీరు పెట్టుకొన్న కార్యకర్తను లోకం కరుణామయి అంటుంది. ఆ కన్నీటి వెనుక కరుణ ఉండవచ్చు. తన నిస్సహాయతపై దుఃఖం మాత్రమే ఉండవచ్చు. ఏది ఏదో తనంతట తాను తెలుసుకోవడం కష్టం. పక్కన మరొక కన్ను ఉండవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

ఈ విచక్షణకు ఆధునిక శాస్త్రంలోనూ సమానమైన ఆలోచన వచ్చింది. 1995లో చార్లెస్ ఫిగ్లీ గ్రంథంతో ‘కరుణాశ్రాంతి’ అనే భావన మానసికారోగ్య రంగంలో ప్రచారం పొందింది. తరువాత తానియా సింగర్, ఓల్గా క్లిమెకీ చేసిన మెదడు అధ్యయనాలు ఎదుటివారి నొప్పిని తానే అనుభవించే వ్యథనూ, వారి మేలుకోరే కరుణనూ వేర్వేరు స్పందనలుగా చూపాయి. వ్యథ మనిషిని తప్పుకొనేలా చేస్తుంది. కరుణ దగ్గరకు చేరుస్తుంది. ఈ వెలుగులో చూస్తే చికిత్సకుణ్ణి అలసటకు గురిచేసేది కరుణ కాదనీ, కరుణగా కనబడే వ్యథ అనీ చెప్పవచ్చు.

4. ఆధునిక పర్యవేక్షణ పుట్టుక

ఆధునిక మానసిక చికిత్సలో పర్యవేక్షణ ఒక శిక్షణాంగంగా 1920లో బెర్లిన్‌లో ప్రారంభమైన మనోవిశ్లేషణ చికిత్సాలయంలో స్థిరపడింది. మాక్స్ ఐటింగన్ పేరుతో ప్రసిద్ధమైన ఆ నమూనాలో శిక్షణార్థి తాను విశ్లేషణకు లోనుకావాలి, సిద్ధాంతం చదవాలి, అనుభవజ్ఞుని పర్యవేక్షణలో రోగులను చూడాలి. భారతదేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. 1954లో బెంగుళూరులో అఖిలభారత మానసికారోగ్య సంస్థ ఏర్పడింది. నేటి నిమ్హాన్స్‌కు అదే పూర్వరూపం.

తొలినాళ్ల పర్యవేక్షణ చికిత్సకుడు చెప్పే వృత్తాంతంపై ఆధారపడింది. తాను గమనించనిదాన్ని చికిత్సకుడు చెప్పలేడు. కార్ల్ రోజర్స్ 1940ల ఆరంభంలో సంభాషణలను యంత్రంపై ముద్రించి, 1942లో వెలువడిన తన గ్రంథంలో ఒక చికిత్సను పూర్తిగా ప్రచురించడంతో పరిస్థితి మారింది. జ్ఞాపకం వడగట్టిన మాటలకు బదులు అసలు మాటలే పర్యవేక్షకునికి అందాయి.

1955లో హెరాల్డ్ సెర్ల్స్ మరొక అంశాన్ని వెలుగులోకి తెచ్చారు. రోగికి, చికిత్సకునికి మధ్య జరుగుతున్నదే చికిత్సకునికి, పర్యవేక్షకునికి మధ్య ప్రతిబింబిస్తుందని ఆయన గమనించారు. రోగి తనను తాను నిందించుకొంటుంటే, ఆ రోగికి మేలు చేయలేకపోయానని చికిత్సకుడు పర్యవేక్షకుని ఎదుట తనను నిందించుకొంటాడు. అప్పుడు పర్యవేక్షకుడు కూడా తప్పులెన్నడానికి దిగితే నింద మూడంచెలుగా పెరుగుతుంది. అక్కడ అతడు చూపే ఓర్పు చికిత్సకుని ద్వారా రోగి వరకూ చేరగలదు.

హంగేరీ నుంచి ఇంగ్లండుకు వెళ్లిన మైఖేల్ బాలింట్ 1950లలో సాధారణ వైద్యులను బృందాలుగా కూర్చోబెట్టి, తమను కలవరపెట్టిన రోగులను గురించి మాట్లాడించాడు. 1957లో వెలువడిన ఆయన గ్రంథం ఈ బృందాలకు ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చింది. మనోవైద్యులు కానివారికి కూడా తమ భావాలను పరిశీలించుకొనే చోటు కావాలని చూపడం బాలింట్ ప్రత్యేకత. గ్రామీణ ఆరోగ్యసేవలకు ఈ నమూనా అన్నిటికన్నా దగ్గరది.

5. కరుణాకేంద్రిత చికిత్స: స్వరం అనే సమస్య

బ్రిటిష్ మనోవైజ్ఞానికుడు పాల్ గిల్బర్ట్ తీవ్రమైన సిగ్గు, ఆత్మనింద ఉన్న రోగులతో పనిచేస్తూ ఒక వైరుధ్యాన్ని గమనించారు. తమ ఆలోచనలు సరైనవి కావని ఆ రోగులు తర్కంతో అంగీకరించేవారు. తమను తాము సమాధానపరచుకొనే మాటలూ నేర్చుకొనేవారు. అయినా ఊరట కలిగేది కాదు. ఆ మాటలను లోలోపల ఏ స్వరంతో పలుకుకొంటున్నారని అడిగినప్పుడు ఆ స్వరం కటువుగా, నిర్లిప్తంగా ఉన్నట్లు తెలిసింది. ‘నీ తప్పేమీ లేదు’ అనే మాటను మందలింపుగా పలికితే అది మందలింపే అవుతుంది. ఈ గమనిక నుంచి రూపొందిన చికిత్స మనసులో మూడు వ్యవస్థలను ఊహిస్తుంది: ప్రమాదాన్ని పసిగట్టేది, ఆశించినదానివైపు పరుగెత్తించేది, సాంత్వన కలిగించేది. సాంత్వన వ్యవస్థను అభ్యాసంతో బలపరచడం చికిత్స సారం. 2006లో ఈ ధోరణి ప్రచారానికి ఒక సంస్థ ఏర్పడింది. 2009లో గిల్బర్ట్ గ్రంథం ‘కరుణామయ మనస్సు’ అనే అర్థం వచ్చే పేరుతో సామాన్య పాఠకులకు అందింది.

ఇతరులపై కరుణ, ఇతరుల నుంచి పొందే కరుణ, తనపై తాను చూపే కరుణ అని మూడు ప్రవాహాలను గిల్బర్ట్ చెబుతారు. కరుణను చూసి భయపడేవారు, అడ్డుకొనేవారు కూడా ఉంటారని ఆయన బృందం గుర్తించి, ఆ భయాలను కొలిచే ప్రశ్నావళులను 2011లో ప్రచురించింది. బాల్యంలో ప్రేమతో పాటు దెబ్బలూ తిన్న వ్యక్తికి ఆప్యాయత ప్రమాదసూచికగా తోచవచ్చు. చికిత్సకునిలోనూ ఈ భయాలు ఉండవచ్చు. ఎదుటివారిపై ధారాళంగా కరుణ చూపుతూ, తనకు సాయం అవసరమని ఒప్పుకోలేని స్థితి సేవావృత్తుల్లో అరుదు కాదు.

6. పర్యవేక్షకుడు అలవరచుకోవలసిన నైపుణ్యాలు

పై చరిత్ర నుంచి కరుణాకేంద్రిత చికిత్సా పర్యవేక్షకునికి అవసరమైన నైపుణ్యాలను నాలుగుగా క్రోడీకరించవచ్చు.

అ) వినడం: మాట అర్థం నివేదికలో దొరుకుతుంది, స్వరం దొరకదు. రోగి అంగీకారంతో ముద్రించిన సంభాషణను వినడం, చికిత్సకుని గొంతు ఎక్కడ త్వరపడిందో, ఎక్కడ మౌనాన్ని భరించలేకపోయిందో గుర్తించడం దీనిలో భాగం. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టం రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. ఊరిలో అందరూ అందరికీ తెలిసినచోట పేరు తొలగిస్తే సరిపోదు; కులం, వీధి, బంధుత్వం వంటి ఆనవాళ్లను కూడా చర్చలోకి రానీయకూడదు.

ఆ) విడదీయడం: చికిత్సకునిలోని కరుణను, దాని ఆసన్నప్రత్యర్థి అయిన దుఃఖాన్ని వేరుచేసి చూపడం. ఇందుకు తీర్పు కంటే ప్రశ్న మేలు. ‘ఆ క్షణంలో ఆమెకు ఏం కావాలనిపించింది? మీకు ఏం కావాలనిపించింది?’ అనే రెండు ప్రశ్నలను పక్కపక్కన పెడితే తేడాను చికిత్సకుడే పోల్చుకొంటాడు.

ఇ) తాను అభ్యసించడం: విశుద్ధిమార్గంలో మైత్రీభావన తనతోనే మొదలవుతుంది. ఐటింగన్ నమూనాలో శిక్షణార్థి ముందు తాను విశ్లేషణకు లోనవుతాడు. కరుణాకేంద్రిత చికిత్సలోనూ శ్వాసాభ్యాసం, కరుణామయ స్వరూప భావన వంటివి చికిత్సకుడు ముందు తనపై ప్రయోగించుకోవాలి. పర్యవేక్షకుడు ఇందుకు మినహాయింపు కాదు.

ఈ) దిద్దించుకోవడం: తన పర్యవేక్షణపై కూడా మరొకరి పరిశీలనను స్వీకరించడం. కల్యాణమిత్రుని లక్షణాలలో చెప్పిన ఓర్పు ఇదే. అధికారశ్రేణి బలంగా ఉన్న వ్యవస్థల్లో నాలుగింటిలోనూ ఇది కష్టమైనది.

కరుణాకేంద్రిత పర్యవేక్షణ అంటే తప్పులను ఉపేక్షించడమని భావించరాదు. ఆత్మహత్య ఆలోచనలు చెప్పిన రోగిని వైద్యుని వద్దకు పంపకపోవడం వంటి లోపాన్ని వెంటనే, స్పష్టంగా చెప్పవలసిందే. తప్పును చెప్పే స్వరం భయాన్ని రేపితే చికిత్సకుడు తరువాతి తప్పును దాచుకొంటాడు. దాచిన తప్పు వల్ల నష్టపోయేది రోగి. కాబట్టి రోగి భద్రత దృష్ట్యా కూడా కరుణ అవసరం.

7. తెలుగునేల అనుభవం, హనుమంతునిపాడు సందర్భం

నిపుణుల కొరత ఉన్న దేశంలో మానసికారోగ్య సేవలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేర్చాలనే ఆలోచన 1982 నాటి జాతీయ మానసికారోగ్య కార్యక్రమంతో విధానరూపం పొందింది. తెలుగువారు గణనీయంగా ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ దానిని పరీక్షించింది. 1996లో ప్రారంభమైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమపు తొలి జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ 14416 సంఖ్యపై ఫోను ద్వారా సలహాను అందుబాటులోకి తెచ్చింది.

పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రయోగం ఈ క్రమంలో ముఖ్యమైనది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ సాయంతో కుంగుబాటు, ఆందోళన లక్షణాలను గుర్తించి ప్రాథమిక వైద్యుల వద్దకు పంపారు. ఎవరిని ముందుగా కలవాలో ఆ పరికరం రంగుల గుర్తులతో సూచించేది. 2017లో వెలువడిన తొలిదశ ఫలితాల ప్రకారం, సమస్య ఉన్నట్లు తేలినవారిలో మానసికారోగ్య సేవలను వాడుకొన్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. సామాన్య కార్యకర్తల సామర్థ్యానికి ఇది బలమైన ఆధారం. వారు విన్న దుఃఖం వారి మనసులో ఏమైందన్న ప్రశ్నకు మాత్రం ఇటువంటి గణాంకాలు సమాధానం చెప్పలేవు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వెళ్లినది గోవాలో ‘సంగత్’ సంస్థ చేసిన ప్రయత్నం. అక్కడ కుంగుబాటుకు సలహా ఇచ్చే సామాన్య సలహాదారులు బృందంగా కూర్చొని, ఒకరి సంభాషణ ముద్రణను మరొకరు విని, నిర్ణీత ప్రమాణాలతో అంచనా వేసేవారు. ఆ అంచనాలకు, నిపుణుల అంచనాలకు చెప్పుకోదగిన పొంతన ఉన్నట్లు 2014 అధ్యయనం తెలిపింది. ఆ చికిత్స కరుణాకేంద్రిత చికిత్స కాదు. అయినా నిపుణుడు నిత్యం అందుబాటులో లేనిచోట సహచరులే పర్యవేక్షకులు కావచ్చని అది నిరూపించింది.

హనుమంతునిపాడు వంటి మండలానికి ఈ అనుభవాలను అన్వయిస్తే ఒక రూపం కనిపిస్తుంది. నెలవారీ సమావేశానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే కార్యకర్తలు లెక్కలు అప్పగించిన తరువాత, ఒక గంట బాలింట్ పద్ధతిలో కూర్చోవచ్చు. తమను కలవరపెట్టిన ఒక సందర్భాన్ని ఒకరు చెబుతారు. మిగిలినవారు వింటారు, అడుగుతారు. దూరంలో ఉన్న నిపుణుడు మూడు నెలలకొకసారి ఫోనులోనో, నేరుగానో చేరతాడు. అతని బోధ బుద్ధఘోషుడు చెప్పినట్లు మరీ క్లుప్తం, మరీ విస్తారం కాకుండా ఉండాలి. ఈ గంటలో చెప్పిన మాట ఉద్యోగ మదింపులోకి వెళ్లకూడదు. తనిఖీ చేసే అధికారి ఈ బృందాన్ని నడపకూడదు. ఈ రెండు నియమాలు లేకపోతే అక్కడ ఎవరూ నోరు విప్పరు.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన ప్రధానాంశాలు:

1. కరుణ అభ్యాసంతో పెరిగే నైపుణ్యమనీ, ఆ అభ్యాసానికి మార్గదర్శి అవసరమనీ విశుద్ధిమార్గం మొదలు ఆధునిక చికిత్సాశాస్త్రం వరకు ఏకాభిప్రాయం కనిపిస్తుంది.

2. కరుణను దానిని పోలిన దుఃఖం నుంచి వేరుచేసి చూపడం పర్యవేక్షకుని కేంద్రకర్తవ్యం. బుద్ధఘోషుని ఆసన్నప్రత్యర్థి భావన ఇందుకు నేటికీ ఉపయుక్తమైన పనిముట్టు.

3. చికిత్సకుని స్వరం నివేదికలకు అందదు. సంభాషణను వినడం, చికిత్సకునితో తాను మాట్లాడే స్వరాన్ని గమనించుకోవడం పర్యవేక్షకుడు నిరంతరం చేయవలసిన పనులు.

4. గ్రామీణ ఆరోగ్య వ్యవస్థలో తనిఖీగా కుదించుకుపోయిన పర్యవేక్షణకు నైపుణ్యవృద్ధి, మానసిక విశ్రాంతి అనే విధులను జోడించాలి. సహచర బృందాలు ఇందుకు ఆచరణసాధ్యమైన మార్గం.

కనిగిరి సీమ బాధను వైద్యశాస్త్రం 1937లోనే నమోదు చేసింది. ఆ బాధను ప్రతినెలా ఇంటి గడపలో కలుస్తున్న కార్యకర్తల మనఃస్థితి ఇంకా పరిశోధనకు ఎదురుచూస్తున్నది. క్షేత్రస్థాయిలో వారి మాటలను సేకరించి విశ్లేషించడం తెలుగు మనోవైజ్ఞానిక పరిశోధన చేపట్టవలసిన తక్షణ కర్తవ్యం.